పిల్లల మాట స్పష్టంగా లేదా? ఎంతవరకు ఆగొచ్చు, ఎప్పుడు ఆగకూడదు

మూడేళ్ల పాప గోడ మీది కాకిని చూపించి "తాతి, తాతి" అంటే ఇంటిల్లిపాదీ మురిసిపోతారు. ఐదేళ్లు నిండాక కూడా అదే "తాతి" వినిపిస్తే, బడిలో పిల్లలు వెక్కిరిస్తున్నారని తెలిస్తే, తల్లికి టెన్షన్ మొదలవుతుంది. ఆ మధ్య రెండేళ్లలో తలా ఒక మాట చెబుతారు. నాయనమ్మ "వాళ్ళ నాన్నకీ ఐదేళ్లకే మాట తిరిగింది, అదే వస్తుందిలే" అంటుంది. పక్కింటావిడ వస నాకించమంటుంది. ఇంకెవరో నాలుక కింద పొర కోయించమంటారు. అన్నీ ప్రేమతో చెప్పినవే. కానీ ఆ పాపకు అసలు సాయం కావాలా అక్కర్లేదా అన్నది వీటిలో ఏదీ తేల్చదు.

తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. "ఏ అక్షరం పలకడం లేదు?" అన్నది అందులో చివరగా వచ్చే ప్రశ్న. దానికంటే ముందు మూడు అడగాలి. పిల్లకు సరిగ్గా వినపడుతోందా? ఇంటి బయటివాళ్ళకు తన మాట ఎంత అర్థమవుతోంది? ఆరు నెలల క్రితానికీ ఇప్పటికీ తేడా కనిపిస్తోందా? మొదటిదానికి పరీక్ష కావాలి. మిగతా రెండూ ఇంట్లోనే తెలుసుకోవచ్చు.

ముందు ఇది ఉచ్చారణ ఇబ్బందేనా?

"మాట సరిగ్గా రావట్లేదు" అని మనం అనేదాంట్లో వేర్వేరు ఇబ్బందులు కలిసిపోయి ఉంటాయి. వీటిని విడదీయకపోతే తర్వాత వేసే అడుగులన్నీ తప్పుతాయి.

మాటలే తక్కువగా ఉండటం ఒకటి. రెండేళ్లకు సుమారు 50 మాటలు, "అమ్మ రా", "పాలు ఇంకా" లాంటి రెండు మాటల కలయికలు రావాలి. అవి రాలేదంటే అది భాష ఆలస్యం. అప్పుడు క, ర పలకడం గురించి ఆలోచించాల్సిన పనే లేదు, ముందు భాష సంగతి చూడాలి. పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడకపోవడం, కళ్ళలోకి చూడకపోవడం, కావాల్సింది వేలితో చూపించకపోవడం కూడా దానికి తోడైతే పిల్లల డాక్టరుకు ఆ వివరాలన్నీ చెప్పాలి.

రెండోది నత్తి. అంటే "నా నా నా నాకు" అని ఆగిపోవడం, మొదటి అక్షరం దగ్గర ఇరుక్కుపోవడం. రెండేళ్ల నుంచి ఐదేళ్ల మధ్య చాలామంది పిల్లల్లో ఇది కొంతకాలం వచ్చి పోతుంది. ఆరు నెలలు దాటినా తగ్గకపోతే, మాట్లాడేటప్పుడు ముఖం బిగుసుకుంటే, కళ్ళు గట్టిగా మూసుకుంటే, ఇంట్లో ఎవరికైనా నత్తి ఉంటే ఆగకుండా చూపించాలి.

మూడోది ఈ వ్యాసం సంగతి. మాటలు బోలెడున్నాయి, వాక్యాలు కడుతోంది, చెప్పింది అర్థం చేసుకుంటోంది, కానీ శబ్దాలు మారిపోతున్నాయి. "సబ్బు" బదులు "తబ్బు", "గోడ" బదులు "దోద". ఇదే ఉచ్చారణ ఇబ్బంది.

చెవి పరీక్షను వాయిదా వేయొద్దు

ఈ మొత్తంలో ఒక్క అడుగు మాత్రమే వేయగలను అని ఎవరైనా అంటే, నేను చెప్పేది ఇదే. పిల్ల విన్నదే పలుకుతుంది. కొంచెం తక్కువగా వినపడినా ముందు దెబ్బతినేది స, శ లాంటి సన్నని, బలం తక్కువ ఉన్న శబ్దాలే. ఆ పిల్ల పిలిస్తే పలుకుతుంది, టీవీ చూస్తుంది, కుక్కర్ విజిల్‌కు ఉలిక్కిపడుతుంది. అందుకే "వీడికి బాగానే వినపడుతుందండీ" అని తల్లిదండ్రులు నమ్మకంగా చెబుతారు. వినపడటం, మాటలోని ప్రతి శబ్దం స్పష్టంగా వినపడటం ఒకటి కావు.

ఇంకో సమస్య చెవి పొర వెనక చేరే నీరు. తరచూ జలుబు చేసే పిల్లల్లో ఇది చాలా మామూలు. నొప్పి ఉండదు, చీము కారదు, అందుకే ఇంట్లో ఎవరికీ తెలియదు. ఒక వారం బాగా వింటారు, ఇంకో వారం టీవీ సౌండ్ పెంచమంటారు. ఎక్కువమందిలో మూడు నెలల్లోపు దానంతట అదే ఇంకిపోతుంది. పోకపోతే ఈఎన్‌టీ డాక్టరు చూడాలి. నోరు తెరిచి నిద్రపోతూ గురక పెట్టే పిల్లలకైతే అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే మెత్తటి కండ) కూడా చూడమని అడగండి. అవి పెరిగి ముక్కు మూసుకుపోతే "అమ్మ" అన్నది "అబ్బ" లాగా వినిపిస్తుంది.

పుట్టినప్పుడు ఆస్పత్రిలో చెవి పరీక్ష చేసి పాస్ అయిందన్నారు కదా అనుకోవద్దు. అది ఆ రోజు సంగతి. వినికిడి తర్వాత కూడా తగ్గొచ్చు. పిల్ల వయసును బట్టి ఆడియాలజిస్ట్, అంటే వినికిడి నిపుణులు, పరీక్ష ఎంచుకుంటారు. ఓఏఈ పరీక్షలో చెవిలో చిన్న ప్రోబ్ పెడతారు, కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. శబ్దానికి మెదడు స్పందనను చూసే బెరా పరీక్ష పిల్ల నిద్రలో ఉండగా చేస్తారు. సుమారు మూడేళ్లు వచ్చాక శబ్దం వినపడినప్పుడల్లా ఒక బొమ్మను డబ్బాలో వేయించే ఆటలాంటి పరీక్ష చేయొచ్చు. టింపనోమెట్రీ పరీక్షతో చెవి పొర వెనక నీరుందేమో తెలుస్తుంది. ఏదీ నొప్పి పెట్టదు.

తెలుగు పిల్లల మాట మామూలుగా ఎలా పెరుగుతుంది

రెండు మూడు నెలలకు "ఉంగా ఉంగా", పది నెలల్లోపు "బబబ, తతత" లాంటి గొలుసు శబ్దాలు, ఏడాది అటూ ఇటూగా మొదటి మాట. పది నెలలు దాటినా ఆ గొలుసు శబ్దాలు రాకపోతే వెంటనే చెవి పరీక్ష చేయించాలి.

అచ్చులు మూడేళ్లకు కుదురుకుంటాయి. హల్లుల్లో ప, బ, మ, త, ద, న ముందొస్తాయి. అమ్మ, తాత, అత్త, మామ అనే పిలుపులన్నీ ఈ అక్షరాలతోనే ఉండటం పిల్లలకు మంచి సౌకర్యం. క, గ కూడా మూడేళ్లకు చాలామందికి పలుకుతాయి. ర, స, శ, హ, ళ లాంటివి వాటికంటే ఆలస్యం.

ఒత్తుల సంగతి ప్రత్యేకంగా చూడాలి. అమ్మ, అక్క, పప్పు, బువ్వ లాంటి ద్విత్వాలు తెలుగు పిల్లలకు చాలా తొందరగా వస్తాయి. పుస్తకం, చంద్రుడు, ప్లేటు లాంటి సంయుక్తాలు మాత్రం చివర్లో వస్తాయి. మధ్యకాలంలో పిల్లలు సంయుక్తాన్ని ద్విత్వంగా మార్చేసుకుంటారు, పుస్తకం "పుత్తకం" అవుతుంది. లేదా ఒక హల్లు వదిలేస్తారు, చంద్రుడు "చందుడు" అవుతాడు. నాలుగేళ్ల పిల్ల ఇలా అంటే కంగారు పడాల్సింది ఏమీ లేదు.

మామూలుగా కనిపించే మార్పులు ఇంకొన్ని, అవి సుమారుగా ఏ వయసుకు తగ్గిపోవాలో:

- పొడవు మాటలో ఒక అక్షరం ఎగిరిపోవడం. అరటిపండు "అటిపండు", టమాటా "మాటా". మూడేళ్లు, మహా అయితే మూడున్నర.
- క, గ బదులు త, ద. కాకి "తాతి", గాలి "దాలి". మూడున్నర, నాలుగు.
- స, శ బదులు త లేదా చ. సైకిల్ "తైకిల్" లేదా "చైకిల్". నాలుగు.
- ర బదులు ల లేదా య. రాముడు "లాముడు", రైలు "యైలు". ఐదు వరకు ఆగొచ్చు, కొందరిలో ఇంకొంచెం.
- సంయుక్తాలు విడగొట్టడం, హల్లు వదిలేయడం. ఐదు వరకు.

ఈ వయసులు గీసిన గీతలు కావు. ఒక పిల్ల నాలుగేళ్ల రెండు నెలలకు ఇంకా "తైకిల్" అంటే కొంపేమీ మునగదు. కానీ ఈ జాబితాలో మూడు నాలుగు ఒకేసారి, వయసు దాటాక కూడా కనిపిస్తున్నాయంటే అది వేరే సంగతి. 27 భాషల పిల్లల మీద జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన 2018 నాటి ఒక సమీక్షలో, ఐదేళ్లు నిండేసరికి పిల్లలు హల్లుల్లో కనీసం 93 శాతం సరిగ్గా పలుకుతున్నారని తేలింది. ఏడెనిమిదేళ్ల దాకా ఆగొచ్చు అన్న పాత లెక్క అందుకే నాకు సరికాదనిపిస్తుంది.

తప్పు కానివాటిని తప్పుల్లో వేయొద్దు

ఇంట్లో పెద్దవాళ్ళే "బయం", "గాటు", "సనివారం" అంటుంటే పిల్ల కూడా అలాగే అంటుంది. ఒత్తు అక్షరాలు భ, ఘ, ధ పలకకపోవడం, శ ష స మూడూ ఒకేలా పలకడం, "నీళ్ళు"ను "నీల్లు" అనడం తెలుగు నేల మీద చాలాచోట్ల పెద్దల మాటే. "ఇస్కూలు" కూడా అంతే. శ్రీకాకుళం పిల్ల శ్రీకాకుళం మాటే మాట్లాడుతుంది, కరీంనగర్ పిల్ల కరీంనగర్ మాటే మాట్లాడుతుంది. పిల్ల మాటను పుస్తకంలోని తెలుగుతో కాకుండా ఇంట్లోవాళ్ళ మాటతో పోల్చి చూడాలి. స్పీచ్ థెరపిస్ట్ వేరే రాష్ట్రం నుంచి వచ్చినవారైతే ఈ సంగతి మీరే చెప్పాలి.

రెండు భాషలుండటం కూడా తప్పు కాదు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిష్, పక్కింట్లో ఉర్దూ లేదా తమిళం వినే పిల్లలు మన దగ్గర లక్షల్లో ఉన్నారు. రెండు భాషలు వినడం వల్ల ఉచ్చారణ లోపం రాదు. లోపం ఉంటే అది రెండు భాషల్లోనూ కనిపిస్తుంది. ఇంగ్లిష్ మాటల్లో మాత్రమే తడబడుతూ తెలుగు స్పష్టంగా ఉంటే, కొత్త భాష నేర్చుకుంటోందని అర్థం. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న కుటుంబాలకు "ఇంట్లో తెలుగు ఆపేయండి" అని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినకండి. అమ్మానాన్నలకు బాగా వచ్చిన భాషలోనే పిల్లకు ఎక్కువ మాట, మంచి మాట దొరుకుతుంది. తాతయ్యతో ఫోన్లో మాట్లాడే తీరు పోగొట్టుకుని ఉచ్చారణలో సంపాదించేది ఏమీ లేదు.

బయటివాళ్ళకు ఎంత అర్థమవుతోందో కొలవండి

ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. తల్లికి పిల్ల మాట మొత్తం అర్థమవుతుంది. ఎందుకంటే ఆ "తాతి" ఏమిటో ఆమెకు తెలుసు, ఎక్కడున్నారో, ఏం జరుగుతోందో తెలుసు. అందుకని ఇంట్లోవాళ్ళ అంచనాకు ఈ విషయంలో విలువ తక్కువ. ఎప్పుడూ అమ్మ దుబాసీ పని చేస్తుంటే అసలు స్థితి ఎవరికీ కనిపించదు.

పాత లెక్క ఒకటి ఇప్పటికీ పనికొస్తుంది. కొత్తవాళ్ళకు రెండేళ్ల పిల్ల మాట సగం, మూడేళ్ల పిల్ల మాట ముప్పావు వంతు, నాలుగేళ్ల పిల్ల మాట దాదాపు మొత్తం అర్థమవ్వాలి. మొత్తం అర్థమవ్వడమంటే అక్షరాలన్నీ సరిగ్గా ఉండటం కాదు. "లాముడు లావణున్ని చంపేచాడు" అన్నా అర్థమైనట్టే.

కొలిచే పద్ధతి ఇది. ఫోన్లో పది నిమిషాలు రికార్డ్ చేయండి. పద్యాలు, రైమ్స్ చెప్పించొద్దు, వాటి మాటలు వినేవాళ్ళకు ముందే తెలిసి ఉంటాయి. పిల్ల తనంతట తాను మాట్లాడేది కావాలి. బొమ్మలతో ఆడుతున్నప్పుడో, నిన్న జాతరలో ఏం చూశావని అడిగినప్పుడో. దాన్ని పిల్లను ఎప్పుడో తప్ప కలవని ఒకరికి వినిపించండి, పిన్ని స్నేహితురాలో, ఆఫీసులో సహోద్యోగో. ఒక్కో వాక్యం ఆపి "ఏమంది?" అని అడగండి. మీరు సాయం చేయొద్దు. రికార్డింగ్‌కు తేదీ వేసి దాచుకోండి. మూడు నెలల తర్వాత ఇంకొకటి, ఆరు నెలల తర్వాత మరొకటి. రెండు రికార్డింగ్‌లు పక్కపక్కన వింటే మెరుగు ఉందో లేదో మీకే తెలుస్తుంది. రేపు థెరపిస్ట్ దగ్గర పిల్ల నోరు విప్పకపోతే కూడా ఇవే అక్కరకొస్తాయి. కొత్త గదిలో మూగబోయే పిల్లలు చాలామంది.

ప్రపంచమంతా స్పీచ్ థెరపిస్టులు వాడే ఒక చిన్న పట్టిక కూడా ఉంది. ఏడు రకాల మనుషులు: అమ్మానాన్నలు, ఇంట్లో మిగతావాళ్ళు, బంధువులు, స్నేహితులు, ముఖపరిచయం ఉన్నవాళ్ళు, టీచర్లు, కొత్తవాళ్ళు. ఒక్కొక్కరికీ పిల్ల మాట ఎప్పుడూ అర్థమైతే 5, ఎక్కువసార్లు అయితే 4, కొన్నిసార్లు 3, అరుదుగా 2, అసలు కాకపోతే 1. అన్నీ కూడి ఏడుతో భాగించండి. నాలుగేళ్లు దాటిన పిల్లకు సగటు 4 కంటే తగ్గితే నేనైతే ఇక ఆగను. టీచర్లు, కొత్తవాళ్ళు అన్న రెండు గళ్ళలో 3, 2 పడితే సగటు ఎంతైనా వెళ్తాను.

తప్పుల తీరు చూడండి

తప్పులు ఎన్ని అన్నదానికంటే ఎలాంటివి అన్నది ఒక్కోసారి ఎక్కువ చెబుతుంది. పైన చెప్పిన మార్పులన్నీ చాలామంది పిల్లలు దాటి వెళ్ళే దారిలోనివే. ఆ దారిలో లేనివి కొన్నుంటాయి. ఇవి కనిపిస్తే వయసు కోసం ఎదురుచూడటం వల్ల లాభం లేదు.

ఒకే మాటను ఒక్కోసారి ఒక్కోలా పలకడం. "పుస్తకం" అన్న మాటను ఒకే రోజు వేర్వేరు సమయాల్లో మూడుసార్లు అనిపించండి. మూడుసార్లూ "పుత్తకం" అంటే అది పద్ధతి ఉన్న తప్పు. ఒకసారి "పుకతం", ఒకసారి "తుపకం", ఒకసారి "పుకు" అంటే మాత్రం ఆలోచించాలి. దానితోపాటు అచ్చులు కూడా మారిపోవడం, మాట మొదలుపెట్టే ముందు పెదవులు, నాలుక దారి వెతుక్కుంటున్నట్టు కదలడం, మాట పొడవు పెరిగేకొద్దీ తడబాటు బాగా పెరగడం, నిన్న స్పష్టంగా అన్న మాట ఇవాళ రాకపోవడం ఉంటే అది అప్రాక్సియా కావచ్చు. నాలుక కండరాల్లో బలం ఉన్నా, వాటిని ఏ వరుసలో కదిలించాలో మెదడు పథకం వేసే దగ్గర వచ్చే చిక్కు అది. అరుదైనదే. కానీ దానికి థెరపీ వేరు, ఎక్కువసార్లు కావాలి, తొందరగా మొదలవ్వాలి.

త, ద బదులు క, గ పలకడం, అంటే తాత "కాక" అవ్వడం, మామూలు దారికి ఎదురు తిరిగిన తప్పు. మూడేళ్లు దాటాక మాటల మొదటి హల్లు వరుసగా ఎగరగొట్టడం, పాలు "ఆలు", బండి "అండి" అనడం కూడా చూపించాల్సిందే.

ముక్కుతో మాట్లాడుతున్నట్టుంటే, ప, బ, త అనేటప్పుడు గాలి ముక్కులోంచి పోతుంటే, పసితనంలో పాలు ముక్కులోంచి వచ్చిన చరిత్ర ఉంటే అంగిలి చూపించాలి. అంగిలి చీలిక పైకి కనిపించకుండా పొర కింద దాగి ఉండే రకం కూడా ఉంది. కొండనాలుక రెండుగా చీలినట్టుండటం దానికి ఒక గుర్తు.

స అనేటప్పుడు నాలుక కొన పళ్ళ మధ్యకు రావడం చిన్నపిల్లల్లో మామూలే. గాలి నాలుక పక్కల నుంచి పోయి, ఉమ్మి చప్పుడుతో స వినిపిస్తే మాత్రం అది దానంతట అది సర్దుకునే రకం కాదు.

ఈ రోజే ఫోన్ చేయాల్సిన సందర్భాలు

వచ్చిన మాటలు పోవడం. ఏ వయసులోనైనా, ఎన్ని మాటలైనా. ఇంతకుముందు స్పష్టంగా మాట్లాడిన పిల్ల ఉన్నట్టుండి ముద్దగా మాట్లాడటం, దానితో మింగడం కష్టమవ్వడం, చొంగ కారడం, నడక తడబడటం, జ్వరం, తలకు దెబ్బ. వీటిలో ఏదున్నా స్పీచ్ థెరపిస్ట్ అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు. నేరుగా పిల్లల డాక్టరు దగ్గరికి, అవసరమైతే ఎమర్జెన్సీకి వెళ్ళండి.

ఎదురుచూస్తున్నప్పుడు ఇంట్లో ఏం చేయాలి

"మళ్ళీ చెప్పు. కాకి అను. తాతి కాదు, కాకి" అని రోజుకు ఇరవైసార్లు అడగడం మానేయడం మొదటి పని. పలకగలిగితే పలికేది కదా. అడిగిన కొద్దీ పిల్ల మాట్లాడటమే తగ్గిస్తుంది. దాని బదులు మీరు సరైన మాటను వెంటవెంటనే వినిపించండి. పాప "తాతి వచ్చింది" అంటే, "అవును, కాకి వచ్చింది! కాకి గోడ మీద వాలింది. కాకికి అన్నం పెడదామా?" అనండి. మూడుసార్లు సరైన శబ్దం చెవిన పడింది, మాట తెగలేదు, ఎవరూ తప్పు పట్టలేదు. పాప తిరిగి పలకాలని ఎదురుచూడొద్దు.

రెండో పని, రెండు శబ్దాలు మారితే అర్థమే మారుతుందని ఆటలో తెలియజెప్పడం. తెలుగులో దీనికి జంటలు కావాల్సినన్ని: కోట–తోట, కోక–తోక, కల–తల, పాట–పాత, కారం–కాలం. కోట బొమ్మ, తోట బొమ్మ గీసి నేల మీద పెట్టండి. మొదటి వారం మీరే పలకండి, పాప సరైన బొమ్మ మీద గవ్వో చింతగింజో పెట్టాలి. వినడంలో తేడా పట్టుకోలేని పిల్ల పలకడంలో పట్టుకోలేదు, అందుకని ఈ వారం దాటవేయొద్దు. తర్వాత పాత్రలు మార్చుకోండి. పాప కోట కావాలనుకుని "తోట" అంటే, మీరు నవ్వకుండా తోట బొమ్మ ఇవ్వండి. "ఇది కాదు!" అని తానే సరిచూసుకోవడం మొదలవుతుంది. ఐదు నిమిషాలు చాలు, విసుగు రాకముందే ఆపేయండి. పాప రోజురోజుకీ చిరాకు పడుతుంటే ఆట పక్కన పెట్టేసి థెరపిస్ట్ కోసం ఆగండి.

మిగతావి మీకు తెలిసినవే. టీవీ ఆపి ముఖం ఎదురుగా కూర్చుని మాట్లాడటం, అన్నం తినిపించేటప్పుడు ఫోన్ పక్కన పెట్టడం, పడుకునే ముందు ఒక బొమ్మల కథ. అర్థం కానప్పుడు అర్థమైనట్టు తలూపొద్దు. "చూపించు నాన్నా, ఎక్కడుంది?" అని అడగండి.

ఇక చేయకూడనివి. వస నాలుక మీద గీయడం వల్ల ఉచ్చారణ రాదు. అది వాంతులు తెప్పించగలదు, పసిపిల్లలకు మంచిది కాదు. తేనెలో రంగరించి పెట్టడం ఏడాది లోపు పిల్లలకు ఇంకా ప్రమాదం, ఎందుకంటే తేనె వల్ల బాట్యులిజం అనే తీవ్రమైన జబ్బు రావొచ్చు. ఇది పెద్దవాళ్ళను నొప్పించకుండా, కానీ గట్టిగా చెప్పాల్సిన విషయం.

నాలుక కింద పొర గురించి కూడా ఇదే మాట. ఆ పొర బిగువుగా ఉంటే పాలు తాగడంలో ఇబ్బంది రావొచ్చు. ఉచ్చారణ ఇబ్బందికి మాత్రం అది కారణం కావడం అరుదు. "తాతి" అనే పిల్లకు క పలకడానికి నాలుక వెనక భాగం లేవాలి, ముందున్న పొరతో దానికి పనే లేదు. స్పీచ్ థెరపిస్ట్ చూడకుండా మాట కోసం కోత పెట్టించొద్దు. బూర ఊదడం, స్ట్రా పీల్చడం, నాలుకతో జామ్ నాకించడం లాంటి వ్యాయామాలతో కూడా శబ్దాలు రావని పరిశోధనలు చెబుతున్నాయి. శబ్దం నేర్చుకోవాలంటే ఆ శబ్దాన్నే సాధన చేయాలి.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి

డబ్బు పెట్టలేని కుటుంబాలు ముందు అంగన్‌వాడీ టీచరునో ఆశా కార్యకర్తనో అడగండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద మొబైల్ హెల్త్ టీమ్‌లు అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడి పిల్లలను ఒకసారి పరీక్షించాలి. వినికిడి లోపం, గ్రహణం మొర్రి, భాష ఆలస్యం ఆ జాబితాలో ఉన్నాయి. అక్కడి నుంచి పిల్లల లోపాలకు తొందరగా సాయం అందించే, జిల్లా స్థాయిలోని డీఈఐసీ అనే కేంద్రానికి రాసి పంపుతారు, సేవలు ఉచితం. టీమ్ వచ్చిన రోజు పిల్ల బడికి వెళ్ళేలా చూసుకోండి, మీ అనుమానం కాగితం మీద రాసి పంపండి. వాళ్ళు ఒక్క రోజులో చాలామందిని చూడాలి.

హైదరాబాద్ వైపు వాళ్ళకు సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ వాక్, శ్రవణ వైకల్యాల సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి ఉంది, విశాఖపట్నంలోనూ ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి ఉంది. రాయలసీమ నుంచి మైసూరు వెళ్ళగలిగేవాళ్ళకు 1965లో మొదలైన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది.

ప్రైవేటు క్లినిక్‌కు వెళ్ళేటప్పుడు ఒకటి తప్పకుండా చూడండి. స్పీచ్ థెరపిస్ట్‌కు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. బీఏఎస్‌ఎల్‌పీ (వినికిడి, మాట ఇబ్బందుల చదువు) అనే డిగ్రీ ఈ వృత్తికి పునాది. నంబరు అడగడం అవమానించడం కాదు, సరైనవాళ్ళు సంతోషంగా చూపిస్తారు. వీలైతే తెలుగు మాట్లాడేవారిని ఎంచుకోండి. ఇంగ్లిష్ బొమ్మల కార్డులతో తెలుగు పిల్లను పరీక్షిస్తే వచ్చే జవాబు సగం జవాబే.

మొదటిసారి వెళ్ళినప్పుడు చెవి పరీక్ష రిపోర్టు, మీ రికార్డింగ్‌లు, పిల్ల తప్పుగా పలికే ఓ ఇరవై మాటల జాబితా తీసుకెళ్ళండి. నోరు, అంగిలి, నాలుక కదలికలు చూస్తారు, బొమ్మలు చూపించి పేర్లు చెప్పించి శబ్దాలు రాసుకుంటారు, మామూలు మాట కూడా వింటారు. చివర్లో ఇవి అడగండి: ఇది ఆలస్యమా, వేరే తీరా? ముందు ఏ శబ్దం మీద పని చేస్తారు, ఎందుకు? వారానికి ఎన్నిసార్లు? ఇంట్లో మేమేం చేయాలి? మూడు నెలల తర్వాత మెరుగును ఎలా కొలుస్తారు? చివరి ప్రశ్నకు జవాబు లేని చోట నెలలకు నెలలు ముందుగానే డబ్బు కట్టొద్దు. "ఇప్పుడు థెరపీ అక్కర్లేదు, నాలుగు నెలల తర్వాత చూద్దాం" అని చెబితే ఆ తేదీ రాయించుకోండి. తేదీ లేని "చూద్దాం" దగ్గరే పిల్లల ఏళ్లు పోతున్నాయి.

బడి మొదలయ్యేలోపు

ఐదున్నరేళ్ల గీతను మాత్రం నేను గట్టిగా పట్టుకుంటాను. ఆ వయసు దాటాక కూడా ఉచ్చారణ ఇబ్బంది బాగా మిగిలితే చదవడం, రాయడంలోనూ తడబాటు వచ్చే అవకాశం పెరుగుతుందని పరిశోధనలు చూపించాయి. భాష ఇబ్బంది కూడా తోడైతే ఇంకా ఎక్కువ. తెలుగులో విన్న శబ్దానికీ రాసే అక్షరానికీ దగ్గరి సంబంధం. "తాతి" అని పలికే పిల్ల డిక్టేషన్‌లోనూ అలాగే రాసే ప్రమాదం ఉంది.

టీచరుతో ముందే మాట్లాడండి. మూడు విషయాలు చెప్పండి: పిల్లకు అన్నీ అర్థమవుతాయి, కొన్ని శబ్దాలు మాత్రమే పలకవు, తరగతిలో అందరి ముందు ఆ మాటలు పలికించొద్దు, నోటి పరీక్షలో సమాధానం చూసి మార్కు వేయండి, ఉచ్చారణకు తగ్గించొద్దు. థెరపిస్ట్ ప్రస్తుతం ఏ శబ్దం మీద పని చేస్తున్నారో ఒక చీటీ రాసి ఇవ్వండి, నెలకోసారి మార్చండి. వెక్కిరింపు సంగతి పిల్లను అడిగితే చెప్పకపోవచ్చు. బడికి వెళ్ళనని మొండికేయడం, క్లాసులో మౌనంగా ఉండిపోవడం, ఇంట్లో బాగా మాట్లాడుతూ బయట తల్లి చెవిలో మాత్రమే చెప్పడం మొదలైతే, వయసు ఎంతైనా, తప్పుతున్న అక్షరం ఒక్కటే అయినా, అపాయింట్‌మెంట్ తీసుకోవడానికి ఆ కారణం చాలు.